పర్వతయాత్రకు పోవు ఆడపిల్లల వీపుసంచి

 

నేటి నా ప్రసంగవిషయము వినగానే మీలో కొందరు చిరునవ్వు నవ్వియుందురు. చేలకు నీరందని వేళ, పశువులకు గాలికుంటు సోకు వేళ, ఆడపిల్ల వీపున మోయు సంచిని గూర్చి పదునైదు నిమిషముల ఉపన్యాసమా అని అనుకొనియుందురు. మూడేండ్ల క్రిందటనైన నేనును అట్లే అనుకొనియుందును. కాని నా తొందరపాటు వలన మా యింటి పిల్లకు ఒక యేడాది నష్టమైనది. అట్టి నష్టము మీ యిండ్లలో కలుగకుండవలెనని ఈ నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

మూటతో కొండ నెక్కుట మనకు క్రొత్త గాదు. అలిపిరి మెట్ల మీదుగా తిరుమల కేగినవారము. శివరాత్రికి నల్లమల అడవిలో నడిచి శ్రీశైలము చేరినవారము. మన స్త్రీలు చంకను బిడ్డను, నెత్తిని మూటను పెట్టుకొని మనతో సమానముగా నడిచినవారే. అయితే మన యాత్రలలో బస చేయుటకు సత్రము గాని మండపము గాని దొరకును. పుణ్యాత్ము లెవరైన పిడికెడన్నము పెట్టుదురు. ఈనాటి పిల్లలు పోవు హిమాలయ మార్గములు వేరు. అచ్చట ఐదారు దినములు ఊళ్లు అరుదుగా నుండు చోట నడువవలెను. చలిబట్టలు, పడకసంచి, వానకోటు, నీళ్లు, తిండి, మందులు అన్నియు వీపున మోసికొని పోవలెను. దీనికై వాడు పెద్దసంచినే పిల్లలు బ్యాక్‌ప్యాక్ అందురు. నేను వీపుసంచి యందును.

ఆడపిల్లలకు కొండలేల అని అడుగువారు ఇప్పటికిని కలరు. 1984వ సంవత్సరము మే 23వ తేదీన బచేంద్రీ పాల్ ఎవరెస్టు శిఖరము నెక్కిన తొలి భారతీయ మహిళ యయ్యెను. 2014 మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, వ్యవసాయకూలీల బిడ్డ, పదునాలుగేండ్లయినను నిండని వయస్సున, అదే శిఖరమున నిలిచెను. కావున ఎక్కగలరా యను ప్రశ్న ఏనాడో తీరిపోయినది. ఎక్కబోవు పిల్లకు ఇంటివారు ఎట్టి సామగ్రి నిచ్చి పంపుచున్నారనునదియే ఇప్పటి ప్రశ్న. ఆ విషయములోనే నేను తప్పు చేసితిని.

ఉత్తరాఖండ రాష్ట్రమున, ఉత్తరకాశీ జిల్లాలో, హర్ కీ దూన్ అను లోయ యొకటి కలదు. అది సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటనుండి 6,252 మీటర్ల ఎత్తుగల స్వర్గారోహిణీ శిఖరము కనబడును. పాండవులు ఆ దారినే స్వర్గమునకు నడిచిరని అచ్చటివారి నమ్మకము. పట్టణమున డిగ్రీ చదువుచున్న మా మనుమరాలు ఒకనాడు నా యొద్ద కూర్చుండి, "తాతయ్యా, ధర్మరాజు నడిచిన దారి చూసి వస్తాను. మా కాలేజీ పిల్లలు పదిమంది వెళుతున్నారు" అని అడిగెను. భారతము పేరు చెప్పి అడిగిన పిల్లను కాదనలేకపోతిని.

సంచి మాట వచ్చినది. మా పెద్దమ్మాయి కుమారుని సంచి యింటనే యున్నది. అతడు ఆరడుగుల యువకుడు. సంచి 65 లీటర్లది. ఉన్నది యుండగా క్రొత్తది కొనుట దుబారా యని నేను తీర్పు చెప్పితిని. సంచి పెద్దదగుటచే నింపుటకును చోటు దొరికినది. నా భార్య సున్నుండలు, జంతికలు, ఆవకాయ సీసా చేర్చినది. నేనొక దళసరి రగ్గు చేర్చితిని. తూచి చూడగా 14 కిలోలైనది. పిల్ల బరువు 48 కిలోలు. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని మాకెవ్వరికిని తోచలేదు.

పిల్ల తిరిగి వచ్చినది. రెండు భుజములమీదను చర్మము లేచి పుండ్లు పడియున్నవి. ఎడమచేతి వ్రేళ్లు కొన్నాళ్లవరకు తిమ్మిరిగా నుండెను. దారిలో రెండవనాడే ఆమె వెనుకబడగా తోడివారు ఆమె సామాను పంచుకొని మోసిరట. లోయ చేరినను శిఖరము వంక తలయెత్తి చూచుటకు మెడ సహకరింపలేదని చెప్పినది. నేను ఓదార్పవలసినది పోయి, "అందుకే ఆడపిల్లలకు ఈ కొండలు వద్దంటాను" అంటిని. మరుసటి యేడు స్నేహితురాండ్రు మరల పిలిచిరి. పిల్ల నన్నడుగనే లేదు. ఆ మౌనమును నేను వినయ మనుకొంటిని.

మా యింట ఇప్పటికిని ఒక జత యెడ్లున్నవి. ఆ సంవత్సరమే ఒక కుర్రగిత్తను క్రొత్తగా కాడికి మరపుచుంటిమి. పెద్దయెడ్లకు చేయించిన పాతకాడినే దానిపై వేసితిమి. నాలుగు దినములలో మెడ రాసుకొనిపోయి పుండు పడినది. నేను వడ్రంగిని పిలిపించి, కాడిని చెక్కించి, నునుపు చేయించి, మెడ మానువరకు గిత్తను కట్టివేసితిని. వడ్రంగి పని చేయుచుండగా నా భార్య అరుగుపై నిలిచి ఒక్కమాట అడిగినది. "ఏమండీ, గిత్త మెడ పుండు పడితే కాడిని చెక్కించారు. పిల్ల భుజం పుండు పడితే పిల్లనెందుకు తప్పుపట్టారు?"

నాయొద్ద సమాధానము లేదు. ఆ వారము పిల్ల ఇంటికి వచ్చినపుడు అటక మీదినుండి ఆ సంచిని దింపి, ఆమె వీపున తగిలించి, మొదటిసారి కన్నులు తెరచి చూచితిని. నడుమున నుండవలసిన పట్టీ పిరుదులమీదికి జారియున్నది. ఎంత బిగించినను వదులే. భుజపట్టీలు ఎడముగా నుండుటచే భుజముల అంచులకు జారిపోవుచున్నవి. ఉన్న బరువంతయు భుజములమీదనే వ్రేలాడుచున్నది. తప్పు కొండది గాదు, పిల్లది గాదు, కాడిది.

అటుపిమ్మట తెలిసినవారి నడిగి, అంగళ్లలో చూచి, చదివి నేర్చుకొన్నది మీకు విన్నవించెదను.

మొట్టమొదటి సూత్ర మిది: వీపుసంచి పేరునకు వీపుది గాని, బరువు మోయవలసినది తుంటి. మంచి సంచిలో బరువులో అత్యధికభాగము నడికట్టు ద్వారా తుంటి యెముకలపైకి, అచ్చటనుండి కాళ్లకు దిగును. భుజపట్టీలు సంచి వెనుకకు వ్రాలకుండ పట్టుకొనుటకే. మెడకును భుజమునకును నడుమ చేతికి పోవు నరము లున్నవి. వాటిపై బరువు గంటల కొలది అదిమినచో చేయి తిమ్మిరెక్కును, ఒక్కొక్కప్పుడు బలహీనపడును. బిడ్డ నెత్తుకొన్న తల్లియు, బిందె చంక నిడుకొన్న ఇల్లాలును బరువును తుంటిపై నానించుట మనమెరుగుదుము. వారికి ఎవరును నేర్పలేదు.

ఈ యుక్తి పాశ్చాత్యులలోను ఆలస్యముగానే వ్యాపించినది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనునతడు మిత్రునితో కొండలలో తిరుగుచు, సంచి చట్రపు కొనలను లాగు వెనుకజేబులలో దూర్పగా భుజములు తేలికపడుట గమనించెనని చెప్పుదురు. అతడు 1952లో అల్యూమినియము చట్రముతో నడికట్టుగల సంచులు చేసి అమ్మ నారంభించెను. అతని భార్య నీనా ఇంటనే కూర్చుండి ఆ సంచులను కుట్టెను. నేటి పెద్ద వీపుసంచు లన్నిటను ఆ నడికట్టే ప్రాణము.

రెండవది కొలత. సంచిని మనిషి యెత్తును బట్టి గాక వీపు పొడవును బట్టి యెంచవలెను. తల ముందుకు వంచినపుడు మెడ మొదట ఒక యెముక ఉబ్బి కనబడును. కొలత అచ్చట మొదలు. రెండుచేతులు నడుమున నుంచి, తుంటి యెముకల పైయంచులను తడిమి, బొటనవ్రేళ్లను వెనుకకు చాచినచో, ఆ రెండు వ్రేళ్లను కలుపు గీత కొలతకు చివర. దర్జీ టేపుతో ఇంటిలోని ఆడవారే కొలువవచ్చును. మా మనుమరాలికి 15 అంగుళములు వచ్చినది. సంచిగల యువకునికి 20 అంగుళములు. ఐదంగుళముల ఎచ్చుతగ్గున్న కాడిని మనము ఏ యెద్దుకైన వేయుదుమా? ఒకే యెత్తుగల ఇద్దరు బాలికలకు సైతము కాళ్ల పొడవును బట్టి వీపు కొలత మారవచ్చును. కొన్ని సంచులకు భుజపట్టీలను పైకి క్రిందికి జరుపుకొను ఏర్పాటుండును. ఎదుగు పిల్లలకు అట్టివి మేలు.

మూడవది ఆకారము. స్త్రీలకని చేయు మంచిసంచులలో మూడు భేదము లుండును. చట్రము పొట్టిగా నుండును. భుజపట్టీలు ఒకదానికొకటి దగ్గరగా నుండి, రొమ్మును ఒత్తకుండ వంపు తిరిగి ప్రక్కలకు పోవును. నడికట్టు స్త్రీల తుంటి వంపున కనుగుణముగా కొంత వాలుగా కత్తిరింపబడి యుండును. ఈ మూడును లేక, గులాబిరంగు పూసి 'ఆడవారిది' అని చీటీ అంటించినంత మాత్రమున అది ఆడవారి సంచి కానేరదు. పొడుగుపాటి స్త్రీకి మగవారి సంచి సరిపోవచ్చును. పొట్టి పురుషునికి ఆడవారి సంచి సరిపోవచ్చును. చీటీని నమ్మవలదు, వీపును నమ్మవలెను.

నాలుగవది పరిమాణము, బరువు. రెండుమూడు రాత్రుల యాత్రకు 40 మొదలు 50 లీటర్ల సంచి చాలును. గుడారము, వంటసామగ్రి కూడ మోయవలసినచో 60 వరకు పోవచ్చును. అంతకు పెద్దది కొన్నచో ఖాళీ చోటు మనలను ఊరకుండనీయదు. సున్నుండల డబ్బా వచ్చి కూర్చుండును. నింపిన సంచి బరువు మోయువారి బరువులో అయిదవవంతు మించరాదని అనుభవజ్ఞులు చెప్పుదురు. 50 కిలోల పిల్లకు 10 కిలోలు; క్రొత్తవారికి ఇంకను తక్కువైన మంచిది. ఖాళీ సంచియే రెండు కిలోలకు మించినచో కొనుటకు ముందు ఆలోచింపవలెను.

బరువు తగ్గించుట యెంత ముఖ్యమో చెప్పుటకు ఒక వృద్ధురాలి కథ చాలును. అమెరికాలో 1955వ సంవత్సరమున ఎమ్మా గేట్‌వుడ్ అను 67 ఏండ్ల అవ్వ రెండువేల మైళ్లకు పైబడిన అపలేచియన్ మార్గము నంతయు ఒంటరిగా నడిచెను. ఆమెకు చట్రము లేదు, నడికట్టు లేదు. తాను కుట్టుకొన్న ముతకగుడ్డ సంచిని ఒక భుజమున వేసికొని పోయెను. మరి మంచిసంచి యెందుకని మీరడుగవచ్చును. ఆమె మోసినది బహుస్వల్పము. అదియే ఆమె రహస్యము. తేలికగా పోగలవారికి సంచి యెట్టిదైనను సాగును. పది కిలోలు తప్పనివారికి కొలత తప్పదు.

అయిదవది సర్దుబాటు. ఇది మీకు నేను చెప్పవలసినది గాదు. బండిలో బరువు వెనుకకు పోయినచో కాడి పైకి లేచును. ముందుకు వచ్చినచో ఎడ్ల మెడలు క్రుంగును. సంచియు అంతే. పడకసంచి వంటి తేలికవస్తువు లడుగున నుంచవలెను. బరువైనవి వీపునకు ఆనించి, నడిమి యెత్తున పెట్టవలెను. వెలుపలివైపు బరువు పెట్టినచో సంచి మనిషిని వెనుకకు లాగును. వానకోటు, నీళ్లు, మందులు చేతి కందునట్లుండవలెను. సంచిపై తొడుగున్నను వాననీరు సందులలో దూరును గనుక, లోపల దళసరి ప్లాస్టిక్ సంచి యొకటి పరచి అందులో బట్టలు పెట్టి మూతికట్టుట క్షేమము.

ఆరవది తగిలించుకొను క్రమము. పట్టీలన్నియు వదులు చేసి సంచిని వీపున వేసికొనవలెను. మొదట నడికట్టును, దాని నడిమిభాగము తుంటియెముకల పైయంచున నిలుచునట్లు బిగింపవలెను. తరువాత భుజపట్టీలను సంచి వీపున కానువరకు మాత్రమే లాగవలెను. పిదప భుజములపైనుండి సంచి తలకు పోవు చిన్నపట్టీలను కొంచెము బిగింపవలెను. కడపట రొమ్ముపట్టీని, మెడ క్రిందియెముకకు రెండుమూడు వ్రేళ్లు దిగువగా, ఊపిరి కడ్డురాకుండ పెట్టుకొనవలెను. ఇది చేసిన పిమ్మట భుజపట్టీ క్రింద వ్రేలు దూర్చినచో సులువుగా దూరవలెను. దూరకున్నచో బరువు ఇంకను భుజములమీదనే యున్నదని యర్థము. నడకలో చేయి తిమ్మిరి పట్టినచో ఓర్చుకొనక వెంటనే నిలిచి పట్టీలు సవరించుకొనవలెను.

మరికొన్ని మాటలు నా భార్య చెప్పుమన్నవి. పురుషుడు చెప్పుటకు సంకోచించువి గనుక అవే ముందు మరుగున పడునని ఆమె వాదము. సల్వారు బొందు ముడి నడికట్టు క్రింద పడరాదు. పగలంతయు ఒత్తి పుండు చేయును. సాగు నడుముగల లాగు మేలు. భుజముపై దళసరి కుట్టుగల దుస్తులు పనికిరావు. జడ సంచికిని వీపునకును నడుమ చిక్కి లాగును గనుక ప్రక్కకు వేసికొనుట గాని ముడి చుట్టుకొనుట గాని మంచిది. నెలసరి సామగ్రి, వాడినవి తిరిగి తెచ్చుటకు మూతగల కవరుతో కూడ, సంచి పైజేబులో సులువుగా అందునట్లుండవలెను. ఎత్తైన చలిప్రదేశములలో అనుకొన్న తేదీకి ముందుగానే అవసరము రావచ్చును. ఆ దినములలో పొత్తికడుపు నొప్పిగా నున్నచో నడికట్టును కొంతసేపు వదులు చేసికొనవచ్చును. బరువు మోయలేని దినమున కూలివానికో కంచరగాడిదకో సంచి నప్పగించుట అవమానము గాదు.

ఇక కొనుట. ఖాళీసంచి అంగడిలో అందరికిని హాయిగానే యుండును. మేము పట్టణములోని యొక అంగడికి పోయి, ఎనిమిది కిలోల బరువు వేయించి, పిల్లచేత మెట్లెక్కించి దింపించితిమి. ఐదు సంచులలో నాలుగు పది నిమిషములలోనే తమ గుణము చూపినవి. ఒకటి మెడ నొరసినది. ఒకటి నడుమున జారినది. ఐదవది పావుగంటకును నోరెత్తలేదు. ఇంటికి తెచ్చి, ఎనిమిది కిలోల బియ్యమును చిన్నచిన్న మూటలు గట్టి దుప్పట్ల నడుమ సర్ది, పదిదినములు ఉదయము చెరువుకట్టపై నడిపించితిమి. నప్పనిచో తిరిగి తీసికొందురా అని కొనునపుడే అడుగుట మరువరాదు. ఒక్క యాత్రకై వేల రూపాయలు పెట్టలేనివారు దిగులు పడనక్కరలేదు. పర్వతయాత్రలు నడిపించువారిలో పలువురు అద్దెకును ఇచ్చుదురు. అద్దెదైనను కొలత మాత్రము చూడవలసినదే.

గతసంవత్సరము మా మనుమరాలు మరల హర్ కీ దూన్ పోయినది. అడిగినది ఆమె గాదు, నేనే పొమ్మంటిని. "నిజంగానా తాతయ్యా?" అని రెండుమారులు అడిగినది. ఆ రెండవమారు అడిగినపుడు, నా మాట ఆ పిల్ల మనస్సున ఎంతలోతుగా నాటుకొన్నదో నాకు తెలిసినది. ఈమారు సంచి తొమ్మిది కిలోలు. జంతికలు కొద్దిగా కలవు. ఆవకాయ సీసా లేదు. మరలివచ్చినపుడు నా భార్య భుజములు చూచి, మచ్చయైన లేదని చెప్పినది. మడమలకు మాత్రము బొబ్బలున్నవి. అది జోళ్ల సంగతి. ఇంకొక ప్రసంగమునకు తగిన విషయము. శిఖరము చూచితివా అని అడిగితిని. వేకువను మంచుపై ఎండ పడుట మొదలు చివరవరకు నిలుచుండి చూచితి నన్నది.

ఆ సంచి యిప్పుడు మా వసారాలో కావడిబద్ద ప్రక్కను కొక్కెమునకు వ్రేలాడుచున్నది. మొన్న పొరుగింటి బాలిక తన కాలేజీ యాత్రకై అరువడుగ వచ్చినది. నేను సంతోషముగా ఈయబోతిని. నా భార్య నన్నాపి, టేపు తెచ్చి, పిల్లను వెనుకకు తిరుగుమన్నది. పదునేడంగుళములు వచ్చినది. సంచి పట్టీలు పదునారు దాటి జరుగవు. ఆ పిల్ల తండ్రి నా చిన్ననాటి నేస్తము. వచ్చే ఆదివారము మేమిద్దరము పిల్లను వెంటబెట్టుకొని పట్టణమునకు పోవుచున్నాము.

మీ యింట నట్టి పిల్ల యున్నచో, పొమ్మనుటకును వద్దనుటకును ముందు ఆమె వీపు కొలిపింపుడు. సెలవు.